మత్తు మందు, కార్టిసోల్, మీరు రాసే చార్టు

ఆపరేషన్ థియేటర్‌లో కొత్తగా చేరిన నర్సులూ, అనస్థీషియా టెక్నీషియన్లూ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పేషెంట్‌కు మత్తెక్కినా ఒంటికి కోత తెలుస్తూనే ఉంటుంది. గొంతులో ట్యూబ్ వేసేటప్పుడు అడ్రినలిన్ ఎగదన్ని నాడి, బీపీ లేస్తాయి. కోత పడ్డాక కార్టిసోల్ పెరుగుతుంది, దాంతో షుగరూ పెరుగుతుంది.

ఈ పోటును మందులన్నీ ఒకేలా అణచవు. సెవోఫ్లురేన్ గ్యాసు నిద్రపుచ్చుతుంది గానీ అదొక్కటే హార్మోన్లను పెద్దగా ఆపలేదు. ఫెంటానిల్ కొంత ఆపుతుంది. కాళ్లకు, పొత్తికడుపుకు చేసే ఆపరేషన్లలో స్పైనల్, ఎపిడ్యూరల్ ఇంకా బాగా పనిచేస్తాయి.

ఎటోమిడేట్ సంగతి వేరు. బీపీ అంతగా పడిపోదని గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు దీన్ని ఎంచుకుంటారు. కానీ కార్టిసోల్ తయారీకి కావాల్సిన 11-బీటా హైడ్రాక్సిలేజ్ ఎంజైమునే ఇది అడ్డుకుంటుంది. ఒక్క డోసు ప్రభావమే దాదాపు రోజంతా ఉండొచ్చు. ఐసీయూలో దీన్ని ఎడతెగకుండా ఎక్కించిన రోగుల్లో మరణాలు పెరిగాయని 1983లో గ్లాస్గో వైద్యులు లెడింగ్‌హామ్, వాట్ లాన్సెట్‌లో రాశారు. ఆ తర్వాత అలా ఎక్కించడం మానుకున్నారు. అందుకే ఈ మందు ఇచ్చిన రోజు డోసు, టైము చార్టులో రాసి, ఐసీయూకు అప్పగించేటప్పుడు నోటితో కూడా చెప్పండి. సెలైన్లు, నార్‌అడ్రినలిన్ పెట్టినా బీపీ నిలవకపోతే రాత్రి డ్యూటీ డాక్టరు ముందు వెతికేది ఆ వివరాన్నే.

ఇంతకంటే ఎక్కువగా ఎదురయ్యేది స్టెరాయిడ్ల సమస్య. "స్టెరాయిడ్లు వాడుతున్నారా?" అంటే మన దగ్గర చాలామంది లేదనే అంటారు. వాళ్లకు ఆ పేరు తెలియదు. "ఆయాసానికో, కీళ్ల నొప్పులకో ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా అమ్మా? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నారా? మాత్రల అట్ట ఉందా?" అని అడగండి. ప్రెడ్నిసోలోన్ రోజుకు 5 మిల్లీగ్రాములో, ఆపైనో నెల రోజులు వాడినవారి అడ్రినల్ గ్రంథి ఆపరేషన్ వేళకు కావాల్సినంత కార్టిసోల్ ఇవ్వలేకపోవచ్చు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు హైడ్రోకార్టిసోన్ సిద్ధం చేసుకుంటారు. ఖాళీ కడుపుతో ఉండాలి కదా అని ఆ మాత్రను మీ అంతట మీరు ఆపించకండి, డాక్టరును అడగండి.

వాంతులు రాకుండా డెక్సామెథాసోన్ ఇచ్చినా షుగర్ పెరుగుతుంది. డయాబెటిస్ ఉన్నవాళ్లకు రికవరీలో గ్లూకోమీటర్‌తో చూసి, అంకె పక్కన డెక్సా ఇచ్చిన టైము కూడా వేయండి.