గేట్ బజారు కథను పిల్లలచేత కట్టించుట

గత సంవత్సరము వార్షికోత్సవ సమయమున మేము మన వీధి చరిత్రమును గూర్చి పదునాలుగు చార్టులు వ్రాయించి గోడకు వ్రేలగట్టితిమి. అక్షరములు ముచ్చటగా నుండెను. చూడవచ్చిన పెద్దలు "బాగున్నవి" అని పలికి ఫలహారముల బల్లవైపు సాగిపోయిరి. నిలిచి చదివినవారొక్కరును మాకు కనబడలేదు. తప్పు చూచినవారిది కాదు, కట్టించిన మాది. చెప్పవలసినదంతయు మేమే చెప్పివైచితిమి. వచ్చినవారు చెప్పుట కేమియు మిగుల్చలేదు.

కావున ఈ పర్యాయము వేరు విధమైన ప్రదర్శనమును తలపెట్టితిమి. ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్ అని ఈ కాలమువారు దీనిని పిలుచుచున్నారు. పేరు బరువుగా నున్నను పని తేలికయే. చూడవచ్చినవాడు మూత యెత్తవలెను, వినవలెను, తనకు తెలిసినది వ్రాసి అచటనే విడిచిపోవలెను.

దీనికి మాకు దారి చూపినది మిక్కిలి దూరదేశపు ప్రదర్శనశాల. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను నగరమున డిస్ట్రిక్ట్ సిక్స్ అను పేట యుండెను. 1966 ఫిబ్రవరి 11న అచటి ప్రభుత్వము దానిని తెల్లజాతివారికి మాత్రమేయని ప్రకటించి, తరువాతి యేండ్లలో 60,000 మందికి పైగా జనులను వెడలగొట్టి, యిండ్లను నేలమట్టము గావించెను. 1994లో ఒక పాత చర్చి భవనమున ఆ పేట జ్ఞాపకార్థము మ్యూజియము తెరచినప్పుడు, నేలమీద పేట పటమును పెద్దదిగా పరచిరి. పాతకాపులు వచ్చి, వంగి, తమ యిల్లున్న చోట తమ పేరు వ్రాసికొనిరి. మనలను ఎవరును వెడలగొట్టలేదు. పోలిక అంతదూరము సాగదు. కాని నేలమీది పటమను ఉపాయము మాత్రము మనము తెచ్చుకొనదగినదని మాకు తోచినది.

తెల్లని గుడ్డలను కలిపి కుట్టించి, వానిపై గేట్ బజారు వీధిని, సందులను ఏడవ తరగతివారు అడుగులతో కొలిచి గీసిరి. రద్దీవేళ కొలువబోయి సైకిళ్లవారిచేత చీవాట్లు తింటిమి; పిమ్మట తెల్లవారుజామున కొలిచితిమి. పటములో దుకాణముల పేర్లను కావలెననియే వ్రాయలేదు. ఎవరికి తెలిసినది వారు చీటీపై వ్రాసి గుండుసూదితో గ్రుచ్చవలెను. తెలుగున గాని, ఒడియాలో గాని, ఏ భాషలోనైనను వ్రాయవచ్చును. ఈ వీధి మనదొక్కరిదే కాదు. మన చీటీలు మాత్రమే యున్న పటము అబద్ధపు పటమగును.

మొన్న ప్రయోగార్థము దీనిని వరండాలో పరచినప్పుడు, ఒక మందుల దుకాణము వీధికి ఏ ప్రక్కన నుండెనోయని యిద్దరు పెద్దలు వాదులాడిరి. తీర్పు చెప్పుమన్నట్లు పిల్లలు మావైపు చూచిరి. మేము చెప్పలేదు, రెండు చీటీలును గ్రుచ్చించితిమి. ఆ పక్షమొకరు, ఈ పక్షమొకరుగా ఇద్దరు బాలురు ఇప్పుడు పాత బిల్లు కాగితమేదైనను దొరకునాయని ఇల్లిల్లు తిరుగుచున్నారు. లెక్కల పుస్తకమును గూడ వారింత శ్రద్ధగా వెదకి యెరుగరు.

అదే దినమున వ్రాయనేరని ఒక ముదుసలి తల్లి చెప్పుచుండగా అయిదవ తరగతి బాలిక వ్రాసికొనుచుండెను. "సాయంత్రమైతే అందరం అరుగుమీద కూర్చునేవాళ్లం" అని ఆమె యనెను. బాలిక కలము ఆగినది. "అరుగంటే ఏమిటి మామ్మా?" ఆ తల్లి చేతితో ఎత్తు చూపెను, గుమ్మమునకు ఇరువైపులయని చెప్పెను. "ఓహో, పిండా!" అని బాలిక ఒడియా మాటతో పోల్చుకొని, ఆ మాటనే వ్రాసెను. "పిండాయే తల్లీ, మనం అరుగంటాం" అని మామ్మ నవ్వెను. చీటీపై ఇప్పుడు రెండు మాటలును ఉన్నవి. ఇంటిముందరి అరుగులు పోయినవి, వానితో మాటయు పోవుచున్నది. తెలుగు మాధ్యమమున చదువుచున్న బిడ్డకే ఇది జరిగినదని మేము ఆ రాత్రి చాలసేపు ఆలోచించితిమి.

రెండవ భాగము మూతల పలక. మూతపై ప్రశ్న, క్రింద జవాబు. "1936 మార్చిలో బరంపురమునుండి ప్రభుత్వమునకు పంపిన అర్జీ ఏ నగరమునకు పోయెడిది?" మూత యెత్తిన "మద్రాసు" అని యుండును. ఆ సంవత్సరము ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడి మన ఊరు అందు చేరినది. ఇల్లు కదలలేదు, రాజధాని మారినది. "ఈ ఊర 1894లో పుట్టి, 1969లో రాష్ట్రపతియైన వారెవరు?" వి.వి. గిరిగారని పిల్లలు మూత యెత్తకయే చెప్పుచున్నారు. "1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా దానిని విడిచి రాజమండ్రికి తరలిపోయిన పండితుడెవరు?" గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన ఆయనను గూర్చి మేము గ్రాంథికమున వ్రాయుచుండుట చూచి పాఠకులు నవ్వుకొందురు గాక. తల్లిదండ్రులకై వేరుగా నొక మూత కలదు: ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పింపవలెనని రాజ్యాంగపు 350ఎ అధికరణము 1956లో చేర్చబడినది. హక్కు కలదు. కాని అరుగు అను మాటను బిడ్డకు అందించుట ఏ అధికరణమునకును చేతగాదు. అది ఇంటివారి పని.

మూడవది వినికిడి మూల. ఒక సెల్‌ఫోనులో పెద్దల మాటలను రెండు మూడు నిమిషముల చొప్పున ముద్రించి, చెవి గొట్టములు తగిలించితిమి. మాటలను దిద్దరాదని పిల్లలకు గట్టిగా చెప్పితిమి. బరంపురపు తెలుగు బరంపురపు తెలుగుగనే వినబడవలెను, ఒడియా మాటలు కలసినను సరే. దగ్గును గూడ తీసివేయలేదు.

తల్లిదండ్రులను మేము కోరునది ధనము కాదు. పాత పెండ్లి శుభలేఖ, రేషను కార్డు, దుకాణపు రసీదు, వీధిలో తీసిన ఫొటో, ఏదైనను మీ బిడ్డచేత పంపుడు. వెనుక పెన్సిలుతో పేరు, వీధి, తెలిసినచో సంవత్సరము వ్రాయుడు. స్థిరాస్తి దస్తావేజుల మూలప్రతులను మాత్రము పంపవలదు. పాఠశాలకు తెచ్చి చూపినచో అచటనే ఫొటో తీసి మీ చేతికే ఇచ్చివేయుదుము. ఇంట ఎనుబదియేండ్లు దాటిన పెద్దలున్నచో ముందుగా తెలియజేయుడు, పిల్లలు ఇద్దరు ఫోను పట్టుకొని ఆదివారము ఉదయముననే వత్తురు.