సబ్మిట్ నొక్కినా దరఖాస్తు వెళ్లడం లేదా? ఇలా చూసుకోండి

లబ్ధిదారులకు సూచన: అప్లికేషన్ నంబరు వచ్చేదాకా మీ దరఖాస్తు అందినట్టు లెక్క కాదు. ఫారం నింపి, బటన్ నొక్కి, ఫోన్ పక్కన పెట్టేసి గడువు పోగొట్టుకోకండి.

బటన్ నొక్కగానే ముందు మీ ఫోన్‌లోనే జావాస్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ వివరాలు సరిచూస్తుంది. తప్పు లేకపోతేనే వాటిని సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ తీసుకుని నంబరు తిప్పి పంపుతుంది. అంటే పోయేదొకటి, వచ్చేదొకటి. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

నొక్కితే అసలు ఏమీ కదలకపోతే తప్పు ఫోన్ దగ్గరే ఉంది. పేజీ పైదాకా జరిపి ఎర్ర అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఆధార్ కార్డు మీద అంకెలు నాలుగేసి విడివిడిగా ఉంటాయి కదా, అలాగే ఖాళీలతో కొడితే 12 కాస్తా 14 అవుతుంది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ 11 అక్షరాలు. అందులో ఐదోది ఎప్పుడూ సున్నానే, ‘ఓ’ అక్షరం కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎర్ర అక్షరాలూ లేకపోతే లింకును క్రోమ్‌లో తెరిచి చూడండి. మెసేజ్ యాప్ లోపలే తెరుచుకున్న పేజీలో కొన్నిసార్లు బటన్ పనిచేయదు.

ఫొటో దగ్గర ఆగితే సైజు చూడండి. 200 కేబీ లోపు అని రాసి ఉన్నచోట కెమెరా ఫొటో రెండు మూడు ఎంబీలు ఉంటే సర్వర్ తీసుకోదు. దాన్ని ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపి, అలా వెళ్లిన ఫొటోను వాడితే సైజు బాగా తగ్గుతుంది. అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయో లేదో చూసుకోండి.

‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వస్తే మధ్యలో చాలాసేపు ఆగారని అర్థం. మళ్లీ లాగిన్ కావాల్సిందే. అందుకే కాగితాలన్నీ దగ్గర పెట్టుకుని కూర్చోండి.

ఇక చక్రం తిరుగుతూనే ఉందా? లేక 500, 504 లాంటి అంకె కనబడిందా? ఇక్కడ జాగ్రత్త. వివరాలు సర్వర్‌కి చేరి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కితే ఒకే పేరున రెండు దరఖాస్తులు పడి, పరిశీలనలో చిక్కు వస్తుంది. ముందు ‘అప్లికేషన్ స్టేటస్’ పేజీలో వెతకండి. పేరు లేకపోతేనే మళ్లీ పంపండి. రద్దీ తక్కువగా ఉండే తెల్లవారుజామున పంపితే మేలు.

సాయం చేస్తామంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఎవరికీ చెప్పకండి.

అప్పటికీ కాకపోతే, తప్పు చూపిస్తున్న స్క్రీన్‌ను తేదీ, టైము కనబడేలా ఫొటో తీసి సచివాలయానికో మీసేవకో తీసుకెళ్లండి. గడువులోపే ప్రయత్నించారని చూపడానికి అది ఉపయోగపడుతుంది.