కాలేబు అడిగిన కొండ, హేయరు వచ్చిన పల్నాడు

పఠించవలసిన భాగము: యెహోషువ 14:6–15

లోకమును మార్చినవారెవరని అడిగినయెడల మన పిల్లలు అలెగ్జాండరు పేరో నెపోలియను పేరో చెప్పుదురు. ఈ నెల పాఠమునకు మనము గురజాలకు పోవుదము.

కాలేబు ఎనుబది యైదేండ్ల వయస్సున యెహోషువయొద్దకు వచ్చి ఏమి అడిగెనో గమనించుడి. నీళ్లుగల పల్లపు నేల అడుగలేదు. అనాకీయులు కాపురమున్న కొండసీమ అడిగెను. ముసలితనమున విశ్రాంతి కోరుట తప్పు కాదు. అతడు మాత్రము కోరలేదు.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయరు 1793లో జర్మనీలో పుట్టి, చిన్ననాడే అమెరికా చేరెను. భార్య గతించిన తరువాత, బిడ్డలను ఆ దేశముననే విడిచి, 1842 జూలై 31న గుంటూరు చేరెను. అప్పటికి నలువది తొమ్మిదేండ్లు. కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆదరించెను, బడి ప్రారంభమాయెను. నడుమ స్వదేశమునకు వెళ్లినప్పుడును ఊరకుండక బాల్టిమోరులో వైద్యము చదివెను. ఏబది దాటిన పాదిరి పడుచువాండ్ర సరసన బల్లమీద కూర్చుండుట ఊహించుకొనుడి!

మరల వచ్చి 1849లో గురజాలలో నివసించెను. నాటి పల్నాడునకు రైలు లేదు, సాగరు కాలువ లేదు. వేసవిలో నాపరాయి నిప్పువలె కాలును. బడి తమది కాదనుకొన్న పల్లెపిల్లల చేతికి పలక వచ్చెను. అయితే హేయరు పేరు మనకు తెలియును గాని, అతనితో ఊరూర నడిచిన తెలుగు ఉపదేశకుల పేళ్లు ఎందరికి తెలియును? ఇది మన లోపము.

1857లో అతడు అమెరికా వెళ్లిపోయెను. అక్కడ అంతర్యుద్ధము, సంఘములో చీలిక. పనివారును ధనమును కొరతపడగా, 1869లో రాజమండ్రి క్షేత్రమును ఆంగ్లికను మిషనుకు అప్పగింప తలచిరి. జర్మనీలోనున్న హేయరు ఈ వార్త విని, పెన్సిల్వేనియాలో రెడింగు పట్టణమున జరుగుచున్న సభకు వచ్చి, తానే వెళ్లుదుననెను. ప్రయాణపు సంచి అప్పటికే సిద్ధము! ఆంగ్లికనులు చెడ్డవారని కాదు. చెమటోడ్చిన చేనిమీద ఎవరికైనను మమకారముండును గదా.

ఆ డిసెంబరులో, డెబ్బది యారేండ్ల వృద్ధుడు రాజమండ్రి చేరెను. పడుచు మిషనెరీలు వచ్చి పని అందుకొన్న పిమ్మట 1871లో తిరిగిపోయి, 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో మరణించెను. రాజమండ్రి, గుంటూరు క్షేత్రములు రెండును 1927లో ఆంధ్ర సువిశేష లూథరను సంఘమై యేకమాయెను.

ఇంటిపని: మీ ఊరిలో మొదట బడి చెప్పిన ఉపదేశకుడెవరు? పెద్దలనడిగి, ఆ పేరు కాగితముమీద వ్రాసి వచ్చే ఆదివారము తెండి.