సేంద్రియ సేద్యము: ముందు శిక్షణ, తరువాతే ఋణము



సేంద్రియ పంటకు మంచి ధర వచ్చునని విని, ఋణము కొరకు బ్యాంకుకు వచ్చువారు కలరు. ఆ ధర ఎప్పటి నుండి చేతికందునో తెలిసికొనుట మొదటి పాఠము.

శిక్షణ ఎక్కడ? దక్షిణ అండమాన్‌లోని సిప్పిఘాట్‌లో కృషి విజ్ఞాన కేంద్రము ఉన్నది. 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుండి శ్రీ విజయపురం) నెలకొల్పిన కేంద్ర వ్యవసాయ పరిశోధనా సంస్థకు ఇది అనుబంధము. ఆ సంస్థ నేడు కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధనా సంస్థగా పిలువబడుచున్నది. చేసి చూచి నేర్చుకొనుటయే కృషి విజ్ఞాన కేంద్రముల పద్ధతి.

ఏమి నేర్వవలెను? దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. కప్పు లేని ఎరువు కుప్పలోని సారము వాన నీటితో కొట్టుకొనిపోవును. కనుక వానపాముల ఎరువు తొట్టిని మెట్ట చోట, పైకప్పు క్రింద కట్టవలెను. పచ్చి పేడను చల్లారిన తరువాతే వేయవలెను. జనవరి నుండి ఏప్రిల్ వరకు వానలు తక్కువ. అప్పుడు కొబ్బరి మట్టలు, పీచు మొక్కల మొదళ్లలో పరచిన తేమ నిలుచును. కంచెగా పెంచిన గిరిపుష్పము పచ్చిరొట్టనిచ్చును, మిరియపు తీగకు ఊతమగును.

ధ్రువపత్రము ఎట్లు? భాగస్వామ్య హామీ పద్ధతిలో కనీసము ఐదుగురు రైతులు బృందముగా ఏర్పడి, ఒకరి పొలమును ఒకరు తనిఖీ చేయుదురు. రసాయనములు వాడిన భూమికి సాధారణముగా రెండు, మూడు సంవత్సరముల మార్పిడి కాలము తప్పదు. 2021లో కార్ నికోబార్, నాన్‌కౌరీ దీవులలోని 14,491 హెక్టార్లకు ఈ నిరీక్షణ లేకుండానే ధ్రువపత్రము లభించినది. అక్కడ తరతరాలుగా రసాయనములు వాడని సేద్యమే సాగినది. వాటి అమ్మకము, కొనుగోలు, వాడకములను పరిపాలనా యంత్రాంగము నిషేధించినది. ఆ సౌలభ్యము మన పొలమునకు కూడ ఉన్నదని తలచరాదు.

ఋణపు లెక్క: కూరగాయల రైతు 2026 జూన్‌లో రసాయనములు మానినచో, రెండు సంవత్సరముల లెక్కన 2028 జూన్ వరకు అతని సరుకు సాధారణ ధరకే అమ్ముడగునని భావించవలెను. ఈలోగా దిగుబడి కొంత తగ్గవచ్చును. కావున 2026, 2027 వాయిదాలను సాధారణ ధరతోనే లెక్కించి, ఆ మేరకే ఋణము కోరవలెను. హెచ్చు ధరను నమ్మి తీసికొన్న అప్పు, ఆ ధర రాకముందే గడువు మీరును.

వర్తకులకు మనవి: ధ్రువపత్రము గల సరుకును ఇతర సరుకుతో కలుపరాదు, బిల్లుపై బృందము పేరు వ్రాయవలెను. జీవన ఎరువు పేరిట రసాయనము అమ్మినచో, కొన్న రైతుతో పాటు బృందమంతయు నష్టపోవును.

ఋణ దరఖాస్తుతో పాటు శిక్షణ పత్రము, భూసార పరీక్ష ఫలితము, పొలములో వాడిన ప్రతి ఎరువు, మందు వ్రాసిన పుస్తకము వెంట తెచ్చుకొనుడు. మీ లెక్క ఎంత స్పష్టమో, మీ ఋణము అంత సుఖముగా తీరును.