పాత వాహనానికి తగిన ఇంజన్ ఆయిల్

లక్ష కిలోమీటర్లు దాటిన బండికి చిక్కని ఆయిలే మేలని పలువురు భావిస్తారు. అయితే తయారీదారు ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. డబ్బాపై 20డబ్ల్యూ-40 వంటి గుర్తులో మొదటి సంఖ్య చలిలో ఆయిల్ పారే తీరును, రెండవది వేడెక్కిన ఇంజన్‌లో దాని చిక్కదనాన్ని తెలుపుతాయి. పుస్తకం రెండు గ్రేడులను అనుమతిస్తే, ఆయిల్ త్వరగా తగ్గుతున్న ఇంజన్‌కు వాటిలో చిక్కనిదానిని ఎంచుకోవచ్చు. అంతకు మించినది వాడితే, ఇంజన్ మొదలైన తొలి క్షణాలలో పై భాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరి అరుగుదల పెరుగుతుంది.

చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు చూసి కొనవలెను.

నీలిపొగ వస్తే ఆయిల్ కాలిపోతున్నదని అర్థం. చిక్కని ఆయిల్‌తో సరిపెట్టక మెకానిక్‌కు చూపించవలెను. తీసివేసిన ఆయిల్‌ను మురుగుకాలువలో పారబోయరాదు. మూత గల డబ్బాలో పోసి సర్వీసు కేంద్రానికి అప్పగించవలెను.