మహానగరంలో ఉదయాహారం

"పెద్దల మాట సద్దిమూట" అని మన నానుడి. పొలానికి బయలుదేరిన రైతు చేతిలో సద్దిమూట ఉన్నంతవరకు అతనికి ఆకలి భయం లేదు. పెద్దల మాటకు విలువ కట్టదలచిన మన పూర్వులకు ఉదయపు అన్నం కంటె గొప్ప ఉపమానం దొరకలేదు. బతుకమ్మ పండుగ చివరి దినాన్ని సద్దుల బతుకమ్మ అంటాము. రమజాన్ మాసంలో ముస్లిం గృహాలలో సహరీ కొరకు తెల్లవారక ముందే పొయ్యి వెలుగుతుంది. పొద్దుటి ముద్దకు ఇంతటి గౌరవమిచ్చిన ఇండ్లలో పుట్టిన మనం, చదువు కొరకో ఉద్యోగం కొరకో హైదరాబాదు చేరగానే మొట్టమొదట మానివేసేది ఆ ముద్దనే. ఈ విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కాని దీనిని ఉపేక్షించినవారు చెల్లించే మూల్యం చిన్నది కాదు.

ఈ వ్యాసకర్త విద్యార్థి దశలో ఒక మౌఖిక పరీక్ష కొరకు మొదటి బస్సులో నగరానికి వెళ్లడం జరిగింది. చేతిలో ఉన్న కొద్ది పైకం తిరుగు ప్రయాణానికి చాలదేమోనన్న శంకతో ఉదయం ఏమీ తినలేదు. పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తెలిసిన ప్రశ్నలే అడిగారు. నోరు ఎండిపోయి, కళ్ల ముందు అక్షరాలు కదలాడగా తెలిసిన జవాబులే తడబడినవి. ఆనాడు మిగిలిన రూపాయలు జేబులోనే ఉన్నవి. పోయిన అవకాశం మాత్రం తిరిగి రాలేదు. మన విద్యార్థులలో మరొకరికి ఈ అనుభవం కలుగరాదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

శరీరధర్మం ఏమి చెబుతుంది?

మానవ మెదడు బరువు శరీరపు బరువులో సుమారు 2 శాతం మాత్రమే. కాని విశ్రాంతిగా ఉన్న శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతం దానికే కావలసి ఉంటుంది. మెదడుకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు. రాత్రి నిద్రించే వేళ కాలేయంలో నిలువ ఉన్న గ్లైకోజన్ కరిగి ఈ గ్లూకోజును సరఫరా చేస్తూ ఉంటుంది. తెల్లవారేసరికి ఆ నిలువ తరుగుతుంది. దానిని మరల నింపేదే ఉదయాహారం. కేవలం చాయతో కడుపును మభ్యపెట్టి పరీక్షకు కూర్చోవడం, నూనె పోయకుండ దీపం వెలిగించ చూడడం వంటిది.

పళ్లెములు వేరు, ధర్మం ఒకటే

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు అనే రెండు భాషలు ఒకే కప్పు క్రింద వినిపిస్తాయి. హైదరాబాదు నగరపు ఉదయాహారంలో కూడ రెండు సంప్రదాయాలు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఒకవైపు ఇడ్లీ, దోసె, ఉప్మా, పూరీ. మరొకవైపు ఖిచిడీ, ఖీమా, నహారీ, కుల్చా. మొదటివారు రెండవ పళ్లెం వైపు, రెండవవారు మొదటి పళ్లెం వైపు సంకోచంతో చూడడం కద్దు. శాకాహార నియమమున్నవారు దానిని పాటించుకొనవచ్చు, హలాల్ నియమమున్నవారు విచారించి తినవచ్చు. నియమం వేరు, అపరిచయం వలన కలిగే సంకోచం వేరు.

పరిశీలించి చూస్తే ఈ పళ్లెముల మధ్య దగ్గరి బంధుత్వం కనబడుతుంది. ఇడ్లీలో ఉన్నది బియ్యం, మినుములు. ఖిచిడీలో ఉన్నది బియ్యం, మసూర్ పప్పు. తెలుగు ఇండ్లలోని పులగం బియ్యం, పెసరపప్పుల కలయికయే. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ తక్కువ. పప్పుల మాంసకృత్తులలో మెథియోనిన్ తక్కువ. రెండూ కలిసినప్పుడు ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. ఈ శాస్త్రం పేరు తెలియని మన తల్లులు, అమ్మీజాన్లు అనుభవంతోనే ఆ కలయికను సాధించారు.

ఈ రెంటికీ దీర్ఘమైన చరిత్ర కలదు. క్రీ.శ. 920 ప్రాంతంలో శివకోట్యాచార్యుడు రచించిన కన్నడ గ్రంథం వడ్డారాధనెలో "ఇడ్డలిగె" ప్రసక్తి వస్తుంది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ కూర్చిన ఐనీ అక్బరీలో బియ్యం, పప్పు, నెయ్యి సమపాళ్లుగా ఖిచిడీ వండే విధానం ఉన్నది. ఇక కుల్చా సంగతి: ఒక సూఫీ గురువు తన కిచ్చిన ఏడు కుల్చాలను నిజాముల్ ముల్క్ ఆరగించగా, అతని వంశం ఏడు తరాలు పాలిస్తుందని ఆశీర్వదించినట్లు ఒక ఐతిహ్యం. ఆసఫ్‌జాహీ పతాకం మధ్యనున్న వృత్తం ఆ కుల్చాకు గుర్తని చెబుతారు. ఒక రొట్టెకు పతాకంపై స్థానం లభించడం అరుదైన విషయమే కదా!

ఈ బంధుత్వంలో మన ప్రాంతానికి కూడ భాగమున్నది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైనది. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరి విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణంగా పేరు పొందినది. నగరంలో అపరిచితునివలె హోటలు గడప ముందు నిలిచే మన విద్యార్థి, ఆ వంటశాలలోకి తన ఊరి బియ్యం తనకన్నా ముందే చేరి ఉండవచ్చునని గుర్తుంచుకొనవలె.

ఎక్కడ తినవలె?

సూర్యాపేట, కోదాడల నుండి వచ్చేవారు జాతీయ రహదారిపై బస్సులో ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ చేరుతారు. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయాలకు, విద్యార్థి వసతి గృహాలకు నిలయం. అక్కడి వీధులలో ఉదయమే ఇడ్లీ, దోసె, మైసూరు బజ్జీ అమ్మే బండ్లు కొల్లలు. విద్యార్థులు నిత్యం తినే తావు గనుక ధర అందుబాటులో ఉంటుంది.

బస్ స్టేషన్ వరకు వెళ్లినవారికి మూసీ తీరాన ఉన్న నయాపుల్ సమీపమే. అక్కడి నయాబ్, మదీనా వైపున్న షాదాబ్ హోటళ్లు ఉదయపు నహారీకి ప్రసిద్ధి. "నహార్" అంటే అరబీ భాషలో పగలు. రాత్రంతా సన్నని సెగపై ఉడికి, ఫజర్ నమాజు వేళకు సిద్ధమయ్యే వంటకమిది. అక్కడనే ఖట్టా, ఖీమాలతో ఖిచిడీ కూడ లభిస్తుంది. చార్మినార్ ప్రక్కన 1993లో వెలసిన నిమ్రా కేఫ్‌లో తెల్లవారుజాము నుండే ఇరానీ చాయ, ఉస్మానియా బిస్కట్లు దొరుకుతాయి. అక్కడికి కొద్ది అడుగుల దూరంలో, గుల్జార్ హౌజ్ పరిసరాలలో, వెన్న దోసెల బండ్ల చుట్టూ జనం గుమిగూడి ఉంటారు. రెండు సంప్రదాయాలు ఒకే వీధిలో కలిసిమెలిసి ఉన్న దృశ్యం చూడదలచినవారు ఉదయం ఏడు గంటలకు అక్కడ నిలుచుంటే చాలు.

మిర్యాలగూడ నుండి రైలులో వచ్చేవారికి సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటనే ఆల్ఫా హోటలు కలదు. యాత్రికులతో ఎప్పుడూ కిటకిటలాడే ఈ ఇరానీ హోటలులో చాయ, రొట్టె, ఆమ్లెట్ వేగంగా అందుతాయి. పందొమ్మిదవ శతాబ్ది చివర, ఇరువదవ శతాబ్ది ఆరంభంలో పర్షియా నుండి బొంబాయి మీదుగా వచ్చిన కుటుంబాలు ఇట్టి హోటళ్లకు పునాది వేసినవి. నాంపల్లి, ఆబిడ్స్ వైపు పని ఉన్నవారికి ఆబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటలు శాకాహార ఫలహారానికి చిరకాలంగా పేరు గన్నది. మొజంజాహీ మార్కెట్ సమీపంలో "రామ్ కీ బండీ" తెల్లవారక ముందే దోసెలు వేయడం మొదలుపెట్టుతుంది.

మంచి తావును గుర్తించుట ఎట్లు?

పేరు వినని వీధిలో ఉన్నప్పుడు కూడ ఉపయోగపడే సూత్రాలు కొన్ని కలవు. మొదటిది, ఆటో డ్రైవర్లు, హమాలీలు, ఆఫీసులకు పోయే ఉద్యోగులు నిలబడి తినే చోటు వెదకండి. రోజూ తినేవారిని ఎవరూ రెండవనాడు మోసగించలేరు. రెండవది, త్వరగా అమ్ముడుపోయే చోట ఆహారం నిలువ ఉండదు. పది గంటలకే గిన్నెలు ఖాళీ అయ్యే బండి మంచి బండి. మూడవది, ఇడ్లీ ఆవిరి గ్రక్కుతూ పళ్లెంలో పడవలె. నాల్గవది, చట్నీని వాసన చూడండి. పులిసిన పల్లీ చట్నీ నిన్నటిది. ఐదవది, నీటి విషయంలో మొహమాటం వద్దు. పచ్చకామెర్లు, టైఫాయిడ్ ఎక్కువగా నీటి ద్వారానే వస్తాయి గనుక మీ సీసా మీరు తీసుకొని వెళ్లడం ఉత్తమం.

వేళను బట్టి పళ్లెం ఎంచుకొనవలె. పరీక్షనాడు నాలుగు ఇడ్లీలు, లేదా కొద్దిగా ఖిచిడీ చాలును. నహారీ, పూరీ, వెన్న దోసె రుచికరమైనవే. కాని అవి కడుపుకు బరువు, కనులకు నిద్ర. వాటిని పరీక్ష ముగిసిన మరునాటికి నిలుపుకోండి.

పైకం లేనివారి సంగతి

చేతిలో పైకం లేకపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 2014లో ఐదు రూపాయల భోజన కేంద్రాలను ఆరంభించినది. 2025 సెప్టెంబరులో ఇందిరమ్మ క్యాంటీన్ల పేర ఐదు రూపాయలకే ఉదయాహారం ఇచ్చే ఏర్పాటు మొదలైనది. తమిళనాడులో 2022లో, మన రాష్ట్రంలో 2023 అక్టోబరులో పాఠశాల పిల్లలకు ఉదయాహార పథకాలను ప్రారంభించారు. ఆకలితో పాఠం తలకెక్కదన్న సత్యాన్ని ప్రభుత్వాలు గుర్తించడానికి ఇంత కాలం పట్టినది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక సవినయ మనవి. ప్రవేశ పరీక్షలకు మన విద్యార్థులు నగరానికి బయలుదేరే దినాలలో, తెల్లవారుజామున బస్సెక్కే వారి చేతికి ఒక పొట్లం అందే ఏర్పాటు చేయగలిగితే అది మన సద్దిమూట సంప్రదాయానికి తగిన గౌరవమవుతుంది. పొట్లంలో ఉన్నది పులిహోర అయినా సరే, రోటీ ఖీమా అయినా సరే. విద్యార్థి మిత్రులారా, మీరు కూడ ఒక నియమం పెట్టుకోండి: నగరంలో ఏ పని మీద దిగినా, ఎంత తొందర ఉన్నా, ముందు తినండి, ప్రక్కన తోటి విద్యార్థి ఉంటే అతడు తిన్నాడో లేదో అడగండి. జవాబు ఏ భాషలో వచ్చినా ఆకలి అర్థం ఒక్కటే.