వెలిసిన చీరలతో కొండల బొంత

మన పల్లెలలో బొంత లేని యిల్లు అరుదు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి కుట్టి, చంటిబిడ్డ పక్కకును, చలికాలమున కప్పుకొనుటకును వాడుట తరతరములుగా నున్నదే. ఆ బొంతపై మన ఊరి దృశ్యమునే చిత్రింపవచ్చునన్నచో కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. కాని వంగదేశపు స్త్రీలు పాత చీరలపైననే, చీర అంచుల నుండి తీసిన పోగులతో, చెట్లు పక్షులు పడవలు గల కాంథాలను కుట్టిరి. బీహారులోని ముజఫర్‌పూర్ జిల్లాలో సుజనీ బొంతలపై స్త్రీలు తమ జీవితమునే కుట్టుచున్నారు.

మే మీ పాఠము వ్రాయుటకు వేరొక కారణము కలదు. పోలవరం జలాశయము వలన దేవీపట్నం ప్రాంతమున ననేక గ్రామములు ఖాళీ అయి, ప్రజలు పునరావాస కాలనీలకు తరలిరి. అట్టి యొక కాలనీలో ఒక వృద్ధురాలు మాతో, “ఇల్లు బాగానే ఉంది బాబూ. పొద్దు గుంకడానికే కొండ లేదు” అనెను. మా కాగితములలో ఆ కొండకు గడి లేదు. ఆమె పెట్టెలో మాత్రము వెలిసిన చీరలు చాల నున్నవి.

పాపికొండల వంటి దృశ్యమునకు వెలిసిన బట్టయే తగును. దగ్గరి కొండ ముదురు పచ్చగా నుండును. దాని వెనుకది మసకబారును. చిట్టచివరిది నీలిబూడిద రంగై ఆకాశములో కలిసిపోవును. మధ్య నున్న గాలియు, మంచును దూరపు రంగులను తినివేయుటయే దీనికి కారణము. మేము మొదట కొత్త పచ్చని పాప్లిన్ గుడ్డను దూరపు కొండకు వాడి పొరబడితిమి. ఆ కొండ నది దాటి మన యొడిలోనికి వచ్చినట్లుండెను! కొత్తబట్ట తప్పనిచో కరక్కాయల కషాయములో ముంచి ఆరవేయవలెను, మెరుపు తగ్గును. అందులో ఇనుపతుప్పు నీరు కొద్దిగా కలిపిన బూడిద రంగు వచ్చును గాని, ఎక్కువైనచో కాలక్రమమున బట్ట చివుకును.

ముక్కలను మంచముపై పరచి, పది అడుగులు వెనుకకు జరిగి, కన్నులు సగము మూసి చూడవలెను. రెండు ముక్కలు ఒకటిగా కలిసిపోయినచో వాని ముదురుతనము సమాన మన్నమాట, ఒకదానిని మార్చుడు. ప్రతి గుడ్డను రెండు చేతులతో లాగి చూడుడు. పిగిలిపోవు బట్ట లోపలి పొరకే పనికివచ్చును.

రెండు మూరల పొడవు, మూరన్నర వెడల్పు గల రెండు పాత పంచె ముక్కలు అడుగుపొరలుగా చాలును. పైన సుద్దతో కొండల గీతలు గీయుడు. ముందు ఆకాశము, పిదప దూరపు కొండ, ఆపై దగ్గరివి, చివర నది, ఒడ్డు: ఈ క్రమమున ప్రతి ముక్కయు తన వెనుకదాని అడుగు అంచును కప్పవలెను. అంచును పావు అంగుళము లోనికి మడిచి, కుట్టు కనబడకుండ పట్టించుడు. పొరలు జరుగకుండ మధ్య నుండి అంచులకు పెద్ద టాకాలు వేసి, పని ముగిసిన పిదప తీసివేయుడు.

ఇక అసలు పని చేతికుట్టు. సూది దిగి, లేచి, మరల దిగు సాదా కుట్టే చాలును. కుట్టు వడ్లగింజ పొడవు మించరాదు. నూలుదారము గుడ్డ రంగుకు దగ్గరగా నుండవలెను. పట్టుదారపు తళుకు ఇచట పనికిరాదు. కొండపై వాలు వెంట, పొలముపై నాగటిచాలు వలె, నీటిపై అడ్డముగా కుట్టుడు. వరుసల నడుమ బట్ట కొంచెము ఉబ్బి నదికి అలలు తామే ఏర్పడును. దారమును బిగించి లాగినచో మాత్రము బొంత ముడుచుకొనిపోవును. యంత్రముపై ఒక పూటలో ముగియు నని కొందరందురు. నిజమే, కాని ఆ మెత్తని అల యంత్రపు బిగికుట్టుకు రాదని మా అభిప్రాయము.

రోజుకొక గంట చొప్పున కుట్టినను ఇది కొన్ని వారముల పని. గోడకు వ్రేలాడదీయుటకు పైఅంచు వెనుక వెదురుబద్ద దూరునట్లు గొట్టమువలె ఒక పట్టీ కుట్టుడు. ఎండ నేరుగా తగులరాదు.

వెనుక ఒక మూల ఊరి పేరు, సంవత్సరము కుట్టుట మంచిది. ఆ వృద్ధురాలికి వ్రాయుట రాదు. మనుమరాలు సుద్దతో వ్రాసి యీయగా, ఆ గీతల వెంబడి తానే సూది నడిపి ముంపు ఊరి పేరు కుట్టినది.